ఆర్కెస్ట్రాలో ఇంగ్లిష్ సినిమా పాటలు: శ్రుతి ఎంత పెట్టాలి, ట్రాక్ వాడాలా, లైవ్ వాయించాలా?

విజయనగరం_ప్యాడ్:

అందరికీ నమస్కారమండి. డిసెంబరు 31 రాత్రి విజయనగరంలో ఒక ఫంక్షన్ హాల్లో మా ఆర్కెస్ట్రా ప్రోగ్రాం ఉంది. మొత్తం మూడు గంటలు. అందులో ఒక అరగంట, సినిమాల వల్ల ఇంటింటికీ తెలిసిన ఇంగ్లిష్ పాటలు కావాలని పార్టీవాళ్ళు అడిగారు. వాళ్ళిచ్చిన లిస్టు:

టైటానిక్ (1997) – మై హార్ట్ విల్ గో ఆన్
ద బాడీగార్డ్ (1992) – ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ
శాటర్డే నైట్ ఫీవర్ (1977) – స్టేయిన్ అలైవ్
రాకీ 3 (1982) – ఐ ఆఫ్ ద టైగర్
ఘోస్ట్ (1990) – అన్‌చెయిన్డ్ మెలొడీ

రెండు కీబోర్డులు, ఎలక్ట్రిక్ గిటారు, ఆక్టోప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్), వేణువు ఉన్నాయి. ఢోలక్, తబలా రెండూ ఒకరే చూస్తారు. గాయని కర్ణాటక సంగీతం నేర్చుకున్న అమ్మాయి, 5 శ్రుతిలో పాడుతుంది (కీబోర్డు మీద సి ని 1 అనుకుని తెల్ల మెట్లకి వరసగా 7 దాకా అంకెలు, నల్ల మెట్లకి 1½ లాంటి అరలు; 5 అంటే జి). తారస్థాయిలో మధ్యమం హాయిగా పడుతుంది, పంచమం మాత్రం కష్టం మీద పట్టుకుంటుంది. గాయకుడిది 1½ శ్రుతి.

మూడు విషయాలు తెలియాలి. ఏ పాట ఏ శ్రుతిలో పెట్టుకోవాలి? ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాద్య సంగీతం) వేసుకోవాలా, అంతా లైవ్ వాయించాలా? టైటానిక్ మొదట్లో వచ్చే ఆ ఈల లాంటి బిట్ మన వేణువు మీద వస్తుందా?

బొబ్బిలి_కీస్:

తమ్ముడూ, ముందు టైటానిక్ పాట సంగతి చూద్దాం. పని ఎక్కువ ఉన్నది దానికే.

ఒరిజినల్ ఇ మేజర్, అంటే మన లెక్కలో 3 శ్రుతి. స్వరాలు శంకరాభరణానివే. ఆఖరి పల్లవికి ఏ ఫ్లాట్‌కి ఎక్కుతుంది, అంటే 5½. నల్లవీ తెల్లవీ కలిపి నాలుగు మెట్లు ఒక్కసారిగా పైకి. మొదటి భాగం అంతా మంద్ర పంచమం నుంచి మధ్య పంచమం దాకానే తిరుగుతుంది కాబట్టి ప్రాక్టీసులో అందరికీ తేలిగ్గా అనిపిస్తుంది, అక్కడే మోసపోతారు. ఆఖర్లో అదే పంచమం నాలుగు మెట్లు పైకి పోతుంది. మీ అమ్మాయి 5 శ్రుతి లెక్కన అది తారస్థాయి పంచమం దాటి ఇంకో మెట్టు పైన. ఒరిజినల్ శ్రుతిలో పెడితే సరిగ్గా జనం ఎదురుచూసే చోట గొంతు చీలుతుంది.

అందుకని మూడు మెట్లు దింపండి. 1½ లో మొదలుపెట్టి ఆఖర్లో 4 కి ఎక్కండి. అప్పుడు పై కొస ఆమె తారస్థాయి మధ్యమం దగ్గర ఆగుతుంది, కింది కొస ఆమె మధ్య షడ్జమానికి ఒక మెట్టు పైన ఉంటుంది. పాట మొత్తం ఆమె గొంతులో సుఖంగా కూర్చుంటుంది. ఇంకా దింపితే పైభాగం సులువైపోతుంది గానీ ఆఖరి పల్లవిలో ఉండాల్సిన ఆ తెగింపు పోతుంది.

శ్రుతి మారే చోట ఒక కిటుకు ఉంది. పాత శ్రుతిలో గాంధారం ఏదో, అదే కొత్త శ్రుతిలో షడ్జమం. ఆ అమ్మాయికి స్వరజ్ఞానం ఉంది కాబట్టి ఈ ఒక్క మాట చెప్తే చాలు. మధ్యలో వాద్యం బిట్ వస్తున్నప్పుడు మనసులో గాంధారం పట్టుకొని, దాన్నే 'స' అనుకోమనండి. కీబోర్డు మీద కూడా అదే స్వరం సాయం చేస్తుంది. పల్లవి రెండు శ్రుతుల్లోనూ ఆరో కార్డుతో (కార్డు అంటే కలిపి నొక్కే స్వరాల గుంపు), అంటే ధైవతం మీద మైనర్‌తో మొదలవుతుంది. ఒరిజినల్‌లో పాతది సి షార్ప్ మైనర్, కొత్తది ఎఫ్ మైనర్. ఈ రెండింటిలోనూ జి షార్ప్ మెట్టు ఉంది. 1½ కి దింపినప్పుడు అవి బి ఫ్లాట్ మైనర్, డి మైనర్ అవుతాయి, రెండింటికీ ఉమ్మడి మెట్టు ఎఫ్. రెండో కీబోర్డు స్ట్రింగ్స్ టోన్‌లో ఆ ఒక్క మెట్టునే నొక్కి ఉంచి, కింద కార్డు మారనివ్వండి. గాయనికి చెవిలో దారి దొరుకుతుంది, వినేవాళ్ళకి నేల జారినట్టు ఉండదు.

పాట మధ్యలో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నాలుగుసార్లు నొక్కే అలవాటు ఉంటే మానుకోండి. కంగారులో మూడుసార్లో ఐదుసార్లో పడుతుంది. సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రేషన్ మెమరీలో ట్రాన్స్‌పోజ్ కూడా సేవ్ అయ్యే మోడల్ అయితే రెండు బటన్లలో రెండూ పెట్టుకోండి. లేకపోతే ఆ పల్లవి వరకు కొత్త శ్రుతిలో చేత్తోనే వాయించడం నేర్చుకోండి. నాలుగే కార్డులు, రెండు రోజుల సాధన.

వేణువు సంగతి. ఒరిజినల్‌లో ఉన్నది టిన్ విజిల్ జాతి వాద్యం. దానికి గమకం ఉండదు, స్వరం నేరుగా పడుతుంది, స్వరానికీ స్వరానికీ మధ్య చిన్న తాకు ఉంటుంది. మన వేణువు మీద హాయిగా వస్తుంది, కానీ మీ వేణువు ఆయన అలవాటు కొద్దీ గాంధారాన్ని ఊపితే అది శంకరాభరణం ఆలాపన అయిపోతుంది. ఊపకుండా నిలబెట్టమనండి. 1½ శ్రుతి వేణువు ఉంటే వేళ్ళు సహజంగా పడతాయి. లేదని వేరే శ్రుతి వేణువుతో అర రంధ్రాలు మూసి లాగించొద్దు, అపస్వరం అక్కడే దొర్లుతుంది.

ఘోస్ట్ పాట మీ గాయకుడికి 1½ లోనే పెట్టుకోవచ్చు. ఒరిజినల్ సి మేజర్, ఒక మెట్టు తేడా అంతే. చివర్లో పైకి ఎగిరే స్వరం దొంగ గొంతులో (పై స్వరాలకి వాడే సన్నని గొంతు, ఫాల్సెట్టో) అందుకోగలడో లేదో ముందే చూసుకోండి. అందకపోతే దింపాల్సిందే.

సంగీతం_టీచర్_విజయనగరం:

బొబ్బిలి మాస్టారు చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను బాడీగార్డ్ పాట గురించి చెప్తాను. స్టేజీ మీద ఎక్కువగా చెడేది ఇదే.

ఈ పాట డాలీ పార్టన్ రాసి 1974లో విడుదల చేసినది. విట్నీ హ్యూస్టన్ 1992లో పాడినప్పుడు మొదటి ముప్పావు నిమిషం దగ్గర దగ్గర ఏ వాద్యమూ లేకుండా ఒంటి గొంతుతోనే నడుస్తుంది. ఆ తర్వాత వాద్యాలు కలుస్తాయి. చిక్కంతా అక్కడే. ఆధారం లేకుండా పాడుతున్నప్పుడు గొంతు కొద్దికొద్దిగా కిందికి జారుతుంది. పాడేవాళ్ళకి తెలియదు, వినేవాళ్ళకీ తెలియదు. కీబోర్డు కలిసిన క్షణంలో మాత్రం అందరికీ తెలుస్తుంది. అప్పటిదాకా బాగా పాడిన పిల్ల తప్పు పాడినట్టు కనిపిస్తుంది.

కాబట్టి ఆ అమ్మాయికి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, శ్రుతి పెట్టె యాప్ చిన్నగా వినిపించండి. హాలుకి వినపడకూడదు, ఆమెకి మాత్రమే. ఒరిజినల్ ఏ మేజర్, 6 శ్రుతి. రెండు మెట్లు దింపి ఆమె సొంత 5 లోనే పెట్టండి. అంతకన్నా దింపొద్దు, కింది స్వరాలు గాలైపోతాయి.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఈ పాటలో కూడా ఆఖర్న శ్రుతి మారుతుంది. పాట పూర్తిగా ఆగి, ఒక్క క్షణం నిశ్శబ్దం వచ్చి, డ్రమ్ము మీద ఒకే దెబ్బ పడి, రెండు మెట్లు పైన మళ్ళీ అందుకోవాలి. మీకు 5 నుంచి 6 కి. చెవిలో శ్రుతి పెట్టె ఇంకా 5 లోనే మోగుతుంటే ఆ అమ్మాయి కొత్త శ్రుతి అందుకోవడం అసాధ్యం. వాద్యాలు కలవగానే, అంటే మొదటి నిమిషం తర్వాతే, శ్రుతి పెట్టె ఆపేయాలి. ఆ పని ఆమెకి పెట్టొద్దు, రెండో కీబోర్డు ఆయన ఫోన్ తన దగ్గర ఉంచుకొని ఆపాలి. ఆపాననుకోవడం కాదు, ఆగిందో లేదో చూసుకోవాలి.

కొత్త శ్రుతి దొరకడానికి, పాత చతుశ్రుతి రిషభమే కొత్త షడ్జమం. ఆ నిశ్శబ్దానికి ముందు మనసులో 'స రి' అని వేసుకుని, ఆ 'రి' మీద నిలబడమనండి. డ్రమ్ము దెబ్బతో పాటు కీబోర్డు కింద ఆ ఒక్క స్వరాన్ని మెత్తగా తాకితే ఇంకా మంచిది. నిశ్శబ్దం ఎంతసేపు అన్నది లెక్కపెట్టకండి. ఆమె ఊపిరి తీసుకోవడం చూసి ప్యాడ్ ఆయన దెబ్బ వెయ్యాలి. అంటే ఆయన స్టాండు గాయని ముఖం కనిపించే చోట ఉండాలి, వీపు కనిపించే చోట కాదు.

ఇంకొక మాట, ఇది ఐదు పాటలకీ. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక ఇంగ్లిష్ మాటకీ చివర 'ఉ' తగిలిస్తాం. 'హార్టు' అని పాడితే పాట అంతా కర్రలా ఉంటుంది. 'హా' ని పూర్తి కాలం పట్టి 'ర్ట్' ని ఆఖరి క్షణంలో తాకి వదిలేయాలి. 'ఆన్' అన్నచోట 'ఆ' మీదే నిలవాలి. 'న్' మీదకి తొందరగా వెళ్తే ముక్కుతో పాడినట్టు అయిపోతుంది. సాహిత్యం తెలుగు లిపిలో రాసుకోండి, కానీ ప్రతి మాటలో ఏ అచ్చు మీద నిలవాలో దాని కింద గీత గీసుకోండి.

ఘంటసాల, సుశీల చదువుకున్న సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. ఇంగ్లిష్ మాటలు తెలియకపోయినా శ్రుతి తప్పితే గుర్తుపట్టే చెవులు మన హాల్లో తప్పకుండా ఉంటాయి.

చీపురుపల్లి_ఢోలక్:

తాళం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది నేను రాస్తాను.

స్టేయిన్ అలైవ్: నిమిషానికి 104 బీట్ల దగ్గర. అసలు రికార్డింగులో డ్రమ్మర్ అందుబాటులో లేకపోతే, అదే సినిమాలోని నైట్ ఫీవర్ పాట నుంచి రెండు బార్ల (బార్ అంటే నాలుగు బీట్ల ఒక చుట్టు) డ్రమ్స్ టేపు కోసి, అతికించి, అదే చుట్టూ తిప్పారు. పాట పొడవునా ఆ రెండు బార్లే. అందుకే అంత నిలకడ. సినిమా మొదట్లో ట్రవోల్టా నడక మీద ఈ పాట వస్తుంది, నడకకి తగ్గట్టే ఉంటుంది కొట్టుడు. తమ్ముడూ, మీ ప్యాడ్ మీద నాలుగు బార్లకోసారి రోల్ వేసే అలవాటు ఈ ఒక్క పాటకి కట్టేయండి. రోల్ వేసిన ప్రతిసారీ వేగం కొద్దికొద్దిగా పెరుగుతుంది, మూడో నిమిషానికి 112 కి వెళ్ళిపోతారు. ఫ్రేజ్ లూప్ ఉన్న ప్యాడ్ అయితే మీరే రెండు బార్లు శుభ్రంగా వాయించి లూప్‌లో పెట్టండి. మీ చేతులతో పైన చప్పట్ల శబ్దం మాత్రం వేసుకోండి.

ఆ పాట ఎఫ్ మైనర్, 4 శ్రుతి. బారీ గిబ్ పాడింది దొంగ గొంతులో. అది మగవాళ్ళకి దొంగ గొంతు గానీ, ఆడవాళ్ళకి మామూలు గొంతు ఉండే చోటే. మీ గాయకుడికి రాకపోతే శ్రుతి దింపడం కాదు, గాయని చేత అదే శ్రుతిలో పాడించి, ఆయన్ని కింద జోడు గొంతు వెయ్యమనండి.

ఐ ఆఫ్ ద టైగర్: 109. సర్వైవర్ బృందం, సి మైనర్, 1 శ్రుతి, మన నటభైరవి స్వరాలు. మొదట గిటారు తీగని అరచేతి అంచుతో నొక్కిపెట్టి 'స' మీద ఆగకుండా నడుస్తుంది. దాని మీద దెబ్బలు పడతాయి. నోటితో ముందు నేర్చుకోండి:

స –
స ని స –
స ని స –
స ని ధ –

ఒకటి, మూడు, మూడు, మూడు. 'ని' కైశికి, 'ధ' శుద్ధ. ఆఖరి 'ధ' మీద నిలబడాలి. బాక్సింగ్ గుద్దుల మీద పడేలా కట్టిన పాట కాబట్టి గీతలు గీసిన చోటున్న ఖాళీయే దీని ప్రాణం. ఆ ఖాళీని మనవాళ్ళు దడదడా నింపేస్తారు, పాట చచ్చిపోతుంది. దెబ్బ పడ్డాక సింబల్ మోత కూడా ఉండకూడదు. నిజం సింబల్ అయితే చేత్తో పట్టుకుని ఆపాలి. ప్యాడ్ అయితే ఆ శబ్దం డికే (మోత నిలిచే సమయం) తగ్గించి పెట్టుకోవాలి. నాకు ఈ ఐదింటిలో స్టేజీ మీద అన్నిటికన్నా బాగా పేలేది ఇదే, ఇందులో మార్చాల్సింది ఏమీ లేదు.

అన్‌చెయిన్డ్ మెలొడీలో ఢోలక్ ఆయన్ని ఖాళీగా కూర్చోబెట్టకండి. ఆ పాట నడక తిశ్రం, అంటే మూళ్ళ నడక. తబలా మీద నెమ్మది దాద్రా, ఆరు మాత్రలు, డగ్గా (ఎడమ చేతి పెద్ద తబలా) మీద ఎక్కువ బరువు లేకుండా వేస్తే చక్కగా సరిపోతుంది. పాట పుట్టింది 1955 నాటి అన్‌చెయిన్డ్ అనే సినిమాలో, పేరు కూడా అక్కడిదే. రైచస్ బ్రదర్స్ పాడింది 1965లో. ఘోస్ట్‌లో కుమ్మరి సారె దగ్గర వచ్చాక మళ్ళీ లోకమంతా పాడింది.

విజయనగరం_ప్యాడ్:

మాస్టారూ, టీచరుగారూ, అన్నా, అందరికీ దండాలు. గాంధారాన్ని 'స' అనుకోమన్న మాట చెప్పగానే అమ్మాయికి ఎక్కడ పట్టుకోవాలో తెలిసిపోయింది. ఇంకా ట్రాక్ సంగతి తేలలేదు. టైటానిక్, బాడీగార్డ్ రెండిటికీ స్ట్రింగ్స్ నిండుగా ఉండాలంటే కరోకే ట్రాక్ తీసుకుని మూడు మెట్లు దింపి వాడదామని మా గిటారు ఆయన అంటున్నాడు. అలాగే ఆ రాత్రి టైము, పర్మిషన్ల గురించి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

శ్రీకాకుళం_సౌండ్:

బాడీగార్డ్ పాటకి ట్రాక్ వద్దే వద్దు. ఆ నిశ్శబ్దం గాయని ఊపిరి ప్రకారం ఉండాలని టీచరుగారు చెప్పారు, ట్రాక్ ఎవరి ఊపిరి కోసమూ ఆగదు. టైటానిక్‌కి కావాలంటే వాడుకోండి. కానీ రెడీమేడ్ ఆడియోని మూడు మెట్లు దింపితే స్ట్రింగ్స్ బురద పట్టినట్టు వినిపిస్తాయి, డ్రమ్స్ దెబ్బ మెత్తబడుతుంది. రెండు మెట్ల దాకా సర్దుకోవచ్చు. అంతకు మించితే మిడి ఫైల్ (శబ్దం కాకుండా ఏ మెట్టు ఎప్పుడు నొక్కాలో మాత్రమే ఉండే ఫైలు) తెచ్చుకుని మీ కీబోర్డు మీదే 1½ లో రికార్డు చేసుకోవడం మేలు.

ట్రాక్ వాడితే క్లిక్ (వేగం చెప్పే టక్ టక్ శబ్దం) తప్పనిసరి. స్టీరియో ఫైల్లో ఎడమవైపు క్లిక్, కుడివైపు సంగీతం పెట్టుకోండి. స్టీరియో పిన్ నుంచి రెండు మోనో జాక్‌లుగా చీలే వైరు తీసుకుని, ఎడమది ప్యాడ్ ఆయన హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌కి, కుడిది డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) మీదుగా మిక్సర్‌కి వెళ్ళాలి. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. ఆ ల్యాప్‌టాప్‌లో లేదా ఫోన్లో మోనో ఆడియో సెట్టింగ్ ఆన్‌లో ఉంటే క్లిక్ రెండు వైపులా కలిసిపోయి, హాలంతా టక్ టక్ వినపడుతుంది. సౌండ్ చెక్‌లో ఎడమ వైరు పీకి, స్పీకర్లలో సంగీతం ఒక్కటే వస్తోందా అని చెవి పెట్టి చూడండి. బ్లూటూత్ ముట్టుకోవద్దు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది, క్లిక్ వెనక పడితే మీ వాయింపు మొత్తం వెనక పడుతుంది. ఫోన్ అయితే ఎయిర్‌ప్లేన్ మోడ్. టీచరుగారు చెప్పిన శ్రుతి పెట్టె ఫోన్‌కీ ఇదే మాట, చెవిలో రింగ్‌టోన్ మోగితే ఇంక అంతే సంగతులు.

ల్యాప్‌టాప్ చార్జరు పెట్టగానే స్పీకర్లలో 'గుయ్య్' మని వస్తే అది ఎర్త్ చుట్టు తిరగడం వల్ల. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వెయ్యండి, లేదా ఆ ఒక్క పాటకి బ్యాటరీ మీద నడపండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేసి మోత ఆపే పద్ధతి మన ఊళ్ళలో చాలా చోట్ల ఉంది. చేతిలో గిటారు, మూతి దగ్గర మైకు ఉన్న మనిషికి అది ప్రాణం మీదకి తెస్తుంది. ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

వేణువుకి మైకు నోటికి ఎదురుగా పెట్టొద్దు. పెదవుల నుంచి ఒక జానెడు దూరంలో, కొంచెం పైనుంచి వాలుగా, ఊపిరి మైకు మీదకి తగలకుండా ఉండాలి. మిక్సర్ మీద కింది స్థాయి గురగురలు తీసేసే లో కట్ బటన్ నొక్కండి. రివర్బ్ (హాలు మోత లాంటి ప్రతిధ్వని) రెండు సెకన్ల దగ్గర పెడితే ఆ సముద్రం గాలి వస్తుంది. గాయనికి బాడీగార్డ్ పాట మొదట్లో తన మైకు తప్ప తక్కినవన్నీ ఆపేయండి. ఢోలక్ మైకు తెరిచి ఉంటే హాల్లో ఫ్యాన్లూ జనరేటరూ కూడా ఆమెతో కలిసి పాడతాయి. ఆమె కింది స్వరాల్లో మైకు దగ్గరగా, ఆఖరి పల్లవిలో ఒక జానెడు దూరంగా జరపాలి. జాలీని అరచేత్తో మూసేసి పట్టుకుంటే కూత ఖాయం.

ఇక పర్మిషన్లు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తాయి. ఆడిటోరియం, కమ్యూనిటీ హాలు, బాంక్వెట్ హాలు లాంటి మూసిన చోట్ల లోపలి వాళ్ళ కోసం వాడుకోడానికి మినహాయింపు ఉంది. మీ ప్రోగ్రాం హాలు లోపలా, పక్కన లాన్‌లోనా అన్నది ముందు తేల్చుకోండి. లాన్ అయితే 10 దాటకండి. టికెట్టు పెట్టి పాడిస్తుంటే, లైవ్ పాటలకి ఐపీఆర్ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కుల సొసైటీ) లైసెన్సు తీసుకోవాలి. మధ్యలో రికార్డు పాటలు వేస్తే దానికి వేరే లైసెన్సు. ఇది ఆర్గనైజర్ పని అని అగ్రిమెంటులో రాయించుకోండి. ప్రోగ్రాం యూట్యూబ్‌లో లైవ్ పెడతామంటే ఈ ఐదు పాటలప్పుడు ఆపేయమనండి. కాపీరైట్ క్లెయిం పడి మొత్తం వీడియోనే పోవచ్చు.

బొబ్బిలి_కీస్:

వరస కూడా చెప్పేస్తాను. స్టేయిన్ అలైవ్‌తో మొదలుపెట్టండి, ఘోస్ట్ పాట రెండోది, టైటానిక్ మూడు, బాడీగార్డ్ నాలుగు, ఐ ఆఫ్ ద టైగర్ ఆఖరున. టైటానిక్, బాడీగార్డ్ రెండూ వెంట వెంటనే పెడితే అమ్మాయి గొంతుకి బరువు, కాబట్టి ఆ రెండిటి మధ్య యాంకర్ చేత నాలుగు నిమిషాలు మాట్లాడించండి, ఆమెకి గోరువెచ్చని నీళ్ళివ్వండి. టైగర్ అవ్వగానే ఆపకుండా నాటు నాటుకి వెళ్ళిపోవచ్చు. భారతీయ సినిమా పాటకి ఆస్కార్ తెచ్చిన మొదటి పాట అది, 2023లో. ఇంగ్లిష్ వరస నుంచి తెలుగులోకి తిరిగి రావడానికి దానికి మించిన వంతెన లేదు. ఒక్కటే చూసుకోండి, టైగర్‌ది నాలుగు లెక్క, నాటు నాటుది మూళ్ళ నడక. ఆఖరి 'ధ' మోత ఆగాక ప్యాడ్ మీద రెండు బార్లు కొత్త నడక విడిగా వాయించి, ఆ తర్వాతే పాట ఎత్తుకోండి.